తవ్వుకోల నుంచి టిల్లర్ దాకా: మన నేల, మన పనిముట్లు

మా ఊరికి మొదటి గార్డెన్ టిల్లర్ ఆటోలో వచ్చింది. నలుగురం కుర్రాళ్లం డబ్బులు కలుపుకుని కొన్నాం. ఇంటి వెనక అల్లం తోటకు, గెడ్డ పక్కనున్న చదును నేలకు పనికొస్తుందని అనుకున్నాం. మొదటి రోజు అనుకున్నదానికంటే బాగా నడిచింది. పార పట్టుకుని మూడు రోజులు తవ్వే చోటు ఒక పూటలో అయిపోయింది. ఆ ఉత్సాహంలో మర్నాడు దాన్ని కొండ వాలులో ఉన్న రాగి చేనుకు ఎక్కించాం. మా అవ్వ వచ్చి రాయి మీద కూర్చుని చాలాసేపు చూసింది. "ఏట్రా, కొండ తోలంతా ఒలిచేత్తారా?" అంది. మేం నవ్వుకున్నాం.

పది రోజులు తిరక్కుండానే పెద్ద వాన పడింది. తెల్లారి వెళ్లి చూస్తే, మేం పిండిలా చేసిన మట్టి చాలావరకు గెడ్డలోకి దిగిపోయింది. చల్లిన రాగులు కూడా దాంతోనే పోయాయి. అవ్వ మమ్మల్ని తిట్టలేదు. "కొండకి తవ్వుకోల చాలని మీ తాత ఊరికే అన్లేదురా" అని మాత్రం అంది.

ఆ ఒక్క మాట వెంటపడి పెద్దలను అడిగి, పుస్తకాలు తిరగేసి తెలుసుకున్న విషయాలు ఈ సంచికలో యువతతో పంచుకుంటున్నాను. యంత్రం వద్దని చెప్పడం నా ఉద్దేశం కాదు. మా టిల్లర్ ఇప్పటికీ నడుస్తోంది. కానీ మన నేలను ఇంతవరకు ఏయే పనిముట్లు తాకాయో, ఒక్కో పనిముట్టు వచ్చినప్పుడు మనకు ఏం వచ్చిందో, మన చేతిలోంచి ఏం పోయిందో తెలుసుకున్నాక హ్యాండిల్ పట్టుకుంటే మనకూ మంచిది, నేలకూ మంచిది.

దున్నని సేద్యం

మన పెద్దల మొదటి సేద్యపు పనిముట్టు తవ్వుకోల. గట్టి కర్రను ఒక చివర మొన తేల్చి, నిప్పులో కాల్చి గట్టిపరిస్తే తవ్వుకోల అయ్యేది. తర్వాత దాని మొనకు ఇనుప తొడుగు వచ్చింది. దుంపలు తవ్వుకునే కాలం నుంచి విత్తనం వేసే కాలం దాకా అదే కర్ర తోడుగా వచ్చింది. పాపికొండల్లోని కొండరెడ్లు, ఆదిలాబాద్ కొండల్లోని కొలాములు తవ్వుకోలతో, చిన్న పారతోనే పోడు పండించారు. కొండరెడ్ల జీవితం గురించి మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ 1945లో ప్రచురించిన పుస్తకంలో ఈ సేద్యం గురించి వివరంగా ఉంది.

పోడు పద్ధతి మనలో చాలామందికి విని తెలుసు, చేసి తెలియదు. ఎండాకాలానికి ముందే కొండ వాలులో పొదలు, చిన్న చెట్లు నరికి ఎండబెట్టేవారు. ఇప్ప, చింత, మామిడి, జీలుగు వంటి చెట్లను ముట్టుకునేవారు కాదు. తొలకరికి ముందు ఎండిన కొమ్మలను కాల్చేవారు. నేలను దున్నేవారు కాదు. బూడిద పరుచుకున్న నేలలో తవ్వుకోలతో చిన్న గుంట చేసి, నాలుగు గింజలు వేసి, కాలితో మట్టి కప్పి ముందుకు నడిచేవారు. చిన్న గింజలైతే చల్లి, పారతో పైపైన కెలికేవారు. ఒకే చేనులో సామ, కొర్ర, రాగి, జొన్న, కంది, బొబ్బర్లు కలిసి పెరిగేవి. ఒకటి తప్పినా ఇంకొకటి చేతికొచ్చేది. రెండు మూడేళ్లు పండించాక ఆ చోటును వదిలేసి, అడవి మళ్లీ లేచేదాకా చాలా ఏళ్లు అటు వెళ్లేవారు కాదు.

దీన్ని అనాగరిక సేద్యం అని రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. ఒకసారి నేల వైపు నుంచి చూడండి. బూడిద ఎరువుగా పనిచేసేది, మట్టిలో పులుపు తగ్గించేది. మంట వేడికి పైపొరలోని కలుపు గింజలు చచ్చేవి. నరికిన చెట్ల మోళ్లు, వేళ్లు భూమిలోనే ఉండి మట్టిని పట్టి ఉంచేవి. గింజ పడే చోట తప్ప మిగతా నేల కదిలేది కాదు కాబట్టి వాన పడ్డా పైమట్టి అంత తేలిగ్గా జారేది కాదు. మేం టిల్లర్‌తో చేసింది సరిగ్గా దీనికి తలకిందుల పని. వేళ్లన్నీ తెంపి, మట్టంతా వదులు చేసి వానకు అప్పగించాం.

పోడు అన్ని కాలాల్లోనూ, అన్ని చోట్లా మేలే చేసిందని చెప్పడం కూడా సరికాదు. నేలకు విశ్రాంతి దొరికినన్నాళ్లే అది నిలబడింది. అడవిలో హద్దులు గీసి, తిరిగే చోటు తగ్గిపోయాక, అదే వాలును రెండు మూడేళ్లకే మళ్లీ నరకాల్సి వచ్చింది. అప్పుడు పంట తగ్గింది, మట్టి పలచబడింది. ఆ తప్పును తవ్వుకోల మీద వేయడం న్యాయం కాదు. నేల ఊపిరి తీసుకునే వ్యవధి పోవడమే అసలు కారణం.

సవరల మెట్ల మడులు

కొండ మీద వరి పండించాలంటే మట్టిని వదులు చేయక తప్పదు. వదులు చేస్తే వాన కడిగేస్తుంది. ఈ చిక్కును శ్రీకాకుళం, గంజాం కొండల్లోని సవరలు ఎప్పుడో విప్పారు. వాలును మెట్లు మెట్లుగా చెక్కి, ఒక్కో మెట్టుకు రాళ్లతో గోడ పేర్చి, ఊట నీరు పై మడి నుంచి కింది మడికి దిగేలా దారి కట్టారు. సిమెంటు లేకుండా పేర్చిన ఆ రాతి గోడలను చూసి బయటివారు ఆశ్చర్యపోయి రాశారు. ముందు నీటిని, వాలును అదుపులో పెట్టి, ఆ తర్వాతే మట్టిని కదిలించడం ఆ పనిలోని తెలివి. టిల్లర్ కొనే ప్రతి ఇంటికీ ఈ వరస గుర్తుండాలి.

నాంగేల్

నాగలి బయటివారు తెచ్చి మనకు నేర్పిన వస్తువు అన్నట్టు మాట్లాడేవారున్నారు. మన భాషలు వేరే సంగతి చెబుతాయి. తెలుగులో నాగలి, తమిళంలో నాంజిల్, కన్నడంలో నేగిల్. గోండిలో నాంగేల్, కువిలో నాంగెలి, కొలామీలో నాంగ్లీ. ఊరిని బట్టి పలుకుబడి కాస్త మారినా మాట ఒక్కటే. సంస్కృతంలోని లాంగల అనే మాట కూడా దీనికి చుట్టమే. ఈ మాట మొదట ముండా భాషల వైపు నుంచి వచ్చి ఉంటుందని కొందరు భాషావేత్తల అభిప్రాయం. సవర భాష ఆ ముండా కుటుంబానికి చెందినదే. అంటే నాగలి చరిత్రలో మన పూర్వీకులు చివరి బెంచీలో కూర్చున్నవాళ్లు కారు.

ఆదిలాబాద్ గోండులు పాతకాలం నుంచీ నాగలి పట్టినవాళ్లు. వారి సేద్యంలో ఒక లెక్క ఉండేది. గుట్టల మీది తేలికపాటి ఎర్ర నేలల్లో వానాకాలం పంట వేసేవారు. లోయల్లోని నల్లరేగడిలో చలికాలం జొన్న వేసేవారు. ఎర్ర నేల రెండు మూడేళ్లకు అలసిపోతే దాన్ని బీడుగా వదిలి పక్క చెలకకు మారేవారు. మేడి పట్టిన చేతికి కర్రు ఎంత లోతు దిగుతోందో తెలిసేది. రాయి తగిలితే ఎద్దు ఆగేది. అడుసుగా ఉంటే ఎద్దు నడవనని మొరాయించేది. నేల అదును ఎద్దు నడకలోనే తెలిసిపోయేది. పొలాల అమావాస్య నాడు ఎద్దులను కడిగి, అలంకరించి, మొక్కి, ఆ రోజు కాడి మోయించకుండా ఉండటం ఆ బంధానికి గుర్తు.

కోయ పల్లెల్లో విత్తనం నేలలో పడకముందు విజ్జ పండుం చేస్తారు. మా వైపు చైత్రంలో ఇటుకల పండుగ వస్తుంది, పంట చేతికొచ్చాక కొర్ర కొత్త, సామ కొత్త, కంది కొత్త వస్తాయి. అడగకుండా నేలను తవ్వకూడదు, పెట్టకుండా కొత్త గింజ తినకూడదు. ఇదే ఈ పండుగలన్నిటి సారం.

నాగలితో ఒక కట్టుబాటు కూడా వచ్చింది. చాలా సమాజాల్లో ఆడవాళ్లు నాగలి పట్టకూడదన్నారు. తవ్వుకోల, పార ఆడ, మగ ఇద్దరి చేతుల్లోనూ ఉండేవి. పోడులో విత్తనాల ఎంపిక, విత్తడం, కలుపు, కోత ఎక్కువగా ఆడవాళ్ల తెలివి మీదే నడిచాయి. నాగలి వచ్చిన చోట దుక్కి మగవాడి పని అయింది. మెల్లగా భూమి కూడా మగవాడి పేరు మీదకు వెళ్లింది. టిల్లర్‌కు అలాంటి కట్టుబాటు ఏదీ ఇంకా అంటుకోలేదు. అంటుకోనివ్వకపోవడం మన తరం చేతిలో ఉంది.

చాలు పక్కన గీసిన గీత

మద్రాసు అటవీ చట్టం 1882లో వచ్చింది. దాంతో అడవిని రిజర్వు చేసే పని వేగం పుంజుకుంది. కొండవాళ్లు తరతరాలుగా తిరిగిన నేలల్లో పోడు నేరమైంది. అంతకు ముందే 1879లో రంప ప్రాంతం తిరగబడింది. కల్లు మీద పన్ను, మన్సబుదారు దోపిడీ, అడవి మీద ఆంక్షలు ఆ తిరుగుబాటుకు కారణాలు. 1922 నుంచి 1924 వరకు అల్లూరి సీతారామరాజు వెంట గాం గంటందొర, మల్లుదొర వంటి మన వీరులు నడిచిన పోరాటం వెనుకా పోడు ఆంక్షలు, రోడ్డు పనుల్లో వెట్టిచాకిరీ ఉన్నాయి. విత్తనం వేసుకునే హక్కు కోసం కూడా జరిగిన పోరాటం అది.

పోడు మానండి, నాగలి పట్టి ఒకచోట స్థిరపడండి, బాగుపడతారు అని ప్రభుత్వాలు చాలాకాలం చెప్పాయి. మరి నాగలి పట్టి స్థిరపడ్డవాళ్ల సంగతి ఏమైందో ఆదిలాబాద్‌లో చూద్దాం. నిజాం పాలనలో అడవి రిజర్వులు గీస్తున్నప్పుడు గోండులు బీడుగా వదిలిన చెలకలను ఎవరూ సాగు చేయని నేలగా లెక్కగట్టి అడవిలో కలిపేశారు. నేలకు విశ్రాంతి ఇచ్చినందుకు నేలే పోయింది. లోయల్లో దున్ని బాగుచేసిన నల్లరేగడి మీద బయటివారి కన్ను పడింది. గోండులకు కాగితం లేదు, కచేరీ భాష రాదు. పట్టా వేరేవాళ్ల పేరు మీద వచ్చింది, దున్నినవాడు తన చేనులోనే కౌలుదారు అయ్యాడు. కొండ వాలుల్లో పారతో బతికిన కొలాములనైతే వాలుల నుంచే దించేశారు. వారిలో చాలామంది కూలీలుగా మిగిలారు.

ఈ అన్యాయం మీదే కొమరం భీం లేచాడు. 1940లో జోడేఘాట్‌లో ఆయన, ఆయన తోటివారు నేలకొరిగాక, గోండుల కష్టాలు తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన మార్లవాయిలో ఉండి చేసిన పని, ఆ తర్వాత ఆదివాసీలకు పట్టాలు ఇచ్చే ప్రయత్నం మన చరిత్రలో ముఖ్యమైన ఘట్టాలు. ఆంధ్ర ప్రాంతపు ఏజెన్సీలో 1959 నాటి 1వ రెగ్యులేషన్ వచ్చింది. 1963లో దాన్ని తెలంగాణ షెడ్యూల్డ్ ప్రాంతాలకూ వర్తింపజేశారు. 1970లో దాన్ని గట్టిపరిచారు. మనం 1/70 అని పిలిచే చట్టం అదే. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదన్నది దాని సారం. కాగితం మీద చట్టం ఉన్నా నేల మీద గొడవ ఆగలేదు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో తుపాకులు పేలింది కూడా భూమి అడిగినవాళ్ల మీదే.

ఆ నాగలి కథ నాకు ఒక సంగతి నేర్పింది. పనిముట్టు మెరుగైతే నేల విలువ పెరుగుతుంది. నేల విలువ పెరిగితే దాని మీద ఇతరుల కన్ను పడుతుంది. హక్కు కాగితం గట్టిగా లేనివాడికి మంచి పనిముట్టే ముప్పు తెస్తుంది.

గిరగిర తిరిగే పార

ఇక మన టిల్లర్ పుట్టుక చూద్దాం. నాగలి నేలను చీల్చి పక్కకు తిరగేస్తుంది. టిల్లర్ అలా చేయదు. ఇరుసుకు బిగించిన వంకర బ్లేడ్లు గిరగిర తిరుగుతూ మట్టిని కొద్దికొద్దిగా కొరికి పొడి చేస్తాయి. ఒక్క మాటలో చెప్పాలంటే, అది ఇంజిన్ పెట్టిన పారల గుంపు. ఈ ఆలోచన మీద 1910 ప్రాంతాల్లో స్విట్జర్లాండ్‌కు చెందిన కొన్రాడ్ వాన్ మెయెన్‌బర్గ్ పేటెంట్లు తీసుకున్నాడు. దాదాపు అదే కాలంలో, 1912లో, ఆస్ట్రేలియాలో ఆర్థర్ క్లిఫర్డ్ హొవార్డ్ అనే కుర్రవాడు గిల్‌గాండ్ర దగ్గర తండ్రి పొలంలో ఆవిరి ఇంజిన్‌తో ప్రయోగాలు మొదలుపెట్టాడు. మొదట్లో అతని బ్లేడ్లు మట్టిని పక్కలకు విసిరేసేవి. బ్లేడును ఇంగ్లీషు ఎల్ అక్షరంలా వంచాక ఆ ఇబ్బంది తీరింది. 1920లో పేటెంటు, 1922లో కంపెనీ వచ్చాయి. మన ట్రాక్టర్ల వెనక కనిపించే రొటావేటర్ పేరు కూడా హొవార్డ్ కంపెనీ పెట్టినదే. ఆ పేరును ఇంగ్లీషు అక్షరాల్లో ఎటు నుంచి చదివినా ఒకటే వస్తుంది, రాసి చూడండి.

ఈ కథలో మనకు దగ్గరి సంగతి ఇంకొకటి ఉంది. హొవార్డ్ ప్రయోగాలు చేసిన ఆ గడ్డ కూడా అక్కడి మూలవాసుల నేలే. ఆగ్నేయ ఆస్ట్రేలియాలో మూలవాసీ స్త్రీలు తవ్వుకోలతో మర్నాంగ్ అనే దుంపను తవ్వుకుని తినేవారు. వాళ్ల తవ్వకంతో నేల గుల్లబారి దుంపలు మళ్లీ బాగా ఊరేవి. వలస వచ్చినవారి గొర్రెల మందలు దిగాక ఆ దుంప చాలా చోట్ల కనుమరుగైంది. అంటే తవ్వుకోల మన ఒక్కరిదే కాదు, దాన్ని పట్టిన చేతుల బాధా మన ఒక్కరిదే కాదు. ఆగస్టు 9న ప్రపంచమంతా కలిసి జరుపుకునే రోజుకు అర్థం ఇక్కడ కూడా ఉంది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత చిన్న చిన్న వరి మడులున్న జపాన్‌లో నడుస్తూ తోలే పవర్ టిల్లర్లు బాగా వ్యాపించాయి. అక్కడి సంస్థల సహకారంతో మన దేశంలోనూ తయారీ మొదలైంది. 1967లో బెంగళూరులో వీఎస్‌టీ, 1973లో కేరళలో కామ్‌కో మొదలయ్యాయి. తర్వాత ఇంకా చిన్నవి, ఇద్దరు మోసుకుని గట్టు దాటించగలిగేవి వచ్చాయి. వాటినే మనం గార్డెన్ టిల్లర్, మినీ టిల్లర్, పవర్ వీడర్ అని రకరకాలుగా పిలుస్తున్నాం. ట్రాక్టర్ ఎక్కలేని కొండ ఊళ్లకు ఇవి చేరాయి. ఎద్దుల జత సాకలేని ఇళ్లకు ఇవి ఆధారమయ్యాయి.

మన చేతికి వచ్చాక

టిల్లర్ ఎక్కడ బాగా పనిచేస్తుంది? పెరటి కూరగాయల మడిలో, గెడ్డ పక్క చదును నేలలో, మెట్ల మడుల్లో, అల్లం, పసుపు బోదెలు వేసే తోటల్లో. పని ఎలా చేయాలో మేం దెబ్బ తిని నేర్చుకున్నది వరసగా చెబుతాను.

ముందు అదును చూడాలి. పిడికెడు మట్టి తీసి ముద్ద చేసి, బొటనవేలితో నొక్కండి. పొడిపొడిగా విడిపోతే అదును కుదిరినట్టే. జిగటగా అంటుకుంటే ఆగండి. తడి నేలలో తిప్పితే బ్లేడ్లు మట్టిని పిసికి, ఎండాక రాయిలాంటి గడ్డలు మిగులుస్తాయి. మరీ ఎండితే మట్టి దుమ్మై లేచిపోతుంది. పూర్వం ఈ మాట ఎద్దు చెప్పేది. ఇంజిన్ చెప్పదు, మన చెయ్యే చెప్పాలి.

తర్వాత నేల ఏరాలి. రాళ్లు, మోళ్లు, పాత తీగలు, ప్లాస్టిక్ సంచులు తీసేయాలి. రాయి తగిలితే చిన్న యంత్రం చేతిలోంచి ఎగిరి ముందుకు దూకుతుంది. గడ్డి ఎత్తుగా ఉంటే ముందు కోసేయాలి, లేకపోతే ఇరుసుకు చుట్టుకుంటుంది.

మొదటి సారి రెండు మూడు అంగుళాల లోతే చాలు. పశువుల గెత్తం చల్లి, రెండోసారి అడ్డంగా తిప్పి అయిదారు అంగుళాలకు దించాలి. చాలా యంత్రాలకు వెనక నేలలో గుచ్చుకునే ఇనుప పట్టీ ఉంటుంది. దాన్ని కిందికి దించితే యంత్రం నెమ్మదిగా నడిచి లోతుగా తవ్వుతుంది, పైకి లేపితే పైపైన పరుగెడుతుంది. బలం పెట్టి నొక్కడం కంటే ఆ పట్టీ సరిచూసుకోవడం మేలు. అల్లానికి, పసుపుకు ఇలా గుల్లబారిన మట్టిని పారతో లాగి, మీటరు వెడల్పు, జానెడు ఎత్తు ఉండే మళ్లు చేసుకుంటే నీరు నిలవక దుంప కుళ్లు తగ్గుతుంది.

మట్టిని పిండి చేయాలన్న ఆశ వద్దు. గోళీకాయంత గడ్డలు మిగిలితేనే వాన నీరు లోపలికి ఇంకుతుంది. పిండిలా చేస్తే ఒక్క వానకే పైన పెచ్చు కడుతుంది. ఏటేటా అదే లోతులో తిప్పితే కింద గట్టి పొర పడుతుంది, దాని కిందికి వేరు దిగదు. అందుకే మధ్యమధ్య ఒక ఏడు ఆపి కంది లాంటి లోతు వేరు పంట వేయండి. వానపాములు కూడా మళ్లీ పెరుగుతాయి.

మన ఒంటి సంగతి కూడా చూసుకోవాలి. చెప్పుల్లేని కాళ్లతో, వేలాడే లుంగీతో, జారే చున్నీతో టిల్లర్ పట్టొద్దు. బ్లేడ్లకు చుట్టుకున్న వేరు తీయాలంటే ఇంజిన్ ఆపి, ప్లగ్ వైరు తీసేశాకే చెయ్యి పెట్టాలి. బ్లేడ్లు తిరుగుతుండగా మన వైపు వెనక్కి లాగడం అన్నిటికంటే ప్రమాదం. మూసి ఉన్న పాకలో ఇంజిన్ నడిపితే పొగ ప్రాణం తీస్తుంది. పని మొదలుపెట్టే ప్రతి ఉదయం ఆయిల్ చూడాలి.

వాలు దగ్గర ఆగాలి

మా అవ్వ మాటకు మళ్లీ వస్తాను. కొండ వాలు మీద టిల్లర్ ఎక్కించొద్దు. తప్పనిసరైతే చాలా తక్కువ వాలులో, పై నుంచి కిందికి కాకుండా అడ్డంగా మాత్రమే నడపాలి. ఒక పట్టీ తిప్పితే పక్క పట్టీని గడ్డితో అలాగే వదలాలి, కింద రాళ్ల కట్ట పేర్చాలి. యంత్రం వంగి నడిస్తే ఆయిల్ ఒక పక్కకు చేరి ఇంజిన్ కూడా పాడవుతుంది. అంతకంటే ఎక్కువ వాలులో తవ్వుకోల, పార చాలు. కాఫీ, మిరియాలు, పండ్ల మొక్కలకైతే గుంటలు తీస్తే సరిపోతుంది.

మైదానంలో, కృష్ణా, గుంటూరు వైపు వరి కోశాక దున్నకుండానే రైతులు మొక్కజొన్న విత్తుతున్నారు. శాస్త్రవేత్తలు దాన్ని జీరో టిల్లేజ్ అంటారు. తడి ఆరకముందే పంట వేయొచ్చు, దుక్కి ఖర్చు మిగులుతుంది అని చెబుతారు. నేలను కదిలించకుండా గింజ వేయడం మన తాతలు కొండ మీద చేసి చూపించారు. వెనుకబాటు అని పేరు పెట్టిన పద్ధతికే ఇవాళ కొత్త పేరుతో గౌరవం దొరుకుతోంది. మన పిల్లలు సిగ్గుపడాల్సిన విషయం ఇందులో ఏదీ లేదు.

హ్యాండిల్ ఒక చేతిలో, కాగితం ఒక చేతిలో

నాగలి కాలంలో కాగితం లేక మన పెద్దలు మోసపోయారు. మన కాలంలో ఆ సాకు లేదు. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. 2005 డిసెంబరు 13కు ముందు నుంచి సాగులో ఉన్న అటవీ భూమికి, కుటుంబానికి నాలుగు హెక్టార్ల దాకా, అంటే దాదాపు పదెకరాల దాకా హక్కు గుర్తించాలని అందులో ఉంది. పెళ్లయినవారికి ఆ హక్కు పత్రం భార్యాభర్తలిద్దరి పేరు మీద ఇవ్వాలి. అది వారసులకు వస్తుంది, కానీ అమ్మడానికి వీల్లేదు. మీ ఇంట్లో ఆ పత్రం ఉంటే ఇవాళే తీసి చదవండి. విస్తీర్ణం సరిగా ఉందా, అమ్మ పేరు ఉందా, హద్దులు సరిపోతున్నాయా చూడండి. తప్పుంటే గ్రామసభలో అడగండి.

టిల్లర్ కోసం అప్పు చేసేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త పడాలి. పంట వచ్చాక ఇద్దువుగానిలే అని యంత్రం చేతిలో పెట్టి, చేను మాట నోటితో రాయించుకునే వ్యాపారి ప్రతి సంతలోనూ ఉంటాడు. ఖాళీ కాగితం మీద వేలిముద్ర వేసిన రోజులు మన తాతలతోనే పోవాలి. ఒక్కో ఇల్లు విడిగా కొనడం కంటే నాలుగైదు ఇళ్లు, లేదా ఒక పొదుపు సంఘం కలిసి కొనడం మేలు. వ్యవసాయ యంత్రాలకు 2014-15 నుంచి నడుస్తున్న కేంద్ర పథకంలో రాయితీలు, అద్దె యంత్రాల కేంద్రాలు ఉన్నాయి. మీ మండలంలో ఇప్పుడు ఏం అందుతోందో రైతుసేవా సిబ్బందిని, ఐటీడీఏను అడిగి తెలుసుకోండి. పోడుకు ఊరంతా కలిసి వెళ్లినట్టే, టిల్లర్‌నూ ఊరి వస్తువుగా చూసుకుంటే అప్పు భారం పంచుకోవచ్చు. అమ్మాయిలకూ నడపడం నేర్పండి. మా ఊళ్లో ఇప్పుడు అందరికంటే సాఫీగా మళ్లు తీసేది మా చెల్లే.

చివరగా ఒక చిన్న పని అప్పగిస్తాను. ఈ సంచిక చదివాక మీ ఊళ్లో అందరికంటే పెద్దవారి దగ్గర కూర్చోండి. తవ్వుకోలను, పారను, నాగలిలోని ఒక్కో భాగాన్ని మన భాషలో ఏమంటారో అడిగి ఫోన్‌లో రికార్డు చేయండి. ఏ చేనులో ఎంత లోతు తవ్వాలో, ఏ వాలును ముట్టుకోకూడదో కూడా అడగండి. ఎర్ర నేల, నల్ల నేల, రాతి నేల ఒక్కోదానికీ వాళ్ల దగ్గర ఒక పేరు, ఒక పద్ధతి ఉంటాయి. ఆ మాటలు వాళ్లతో పోతే ఏ కంపెనీ పుస్తకంలోనూ దొరకవు.

గెడ్డలోకి పోయిన ఆ మట్టి మాకు తిరిగి రాలేదు. ఆ వాలులో తర్వాతి ఏడు రాళ్ల కట్టలు పేర్చి, తవ్వుకోలలతో కంది, సామ కలిపి వేశాం. మొదటి గుంట అవ్వ చేతే తీయించాం.

జల్, జంగల్, జమీన్ కోసం ఒరిగిన మన వీరులకు జోహార్లు. జై ఆదివాసీ!